బోర్‌లాగ్‌లో ఎన్ విలువ సున్నా అని రాశారు. అంటే ఆ మట్టికి బలమే లేదనా?

ఉప్పాడరోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సివిల్ పూర్తిచేసి నాలుగేళ్ళయింది. ఇంతవరకూ నేను చేసినవన్నీ గట్టి నేల మీద పనులే. ఇప్పుడు కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఒక గోడౌను పని చూస్తున్నాను. రెండున్నర ఎకరాల స్థలం. ఎనిమిదేళ్ళ కిందట పాత యజమాని మీటరున్నర ఎత్తున ఎర్ర గ్రావెల్ తోలించి వదిలేశారట. రోడ్డు మట్టానికి తేవాలంటే ఇంకో రెండున్నర మీటర్లు నింపాలి. గ్రావెల్ అడుగునుంచి 12 మీటర్ల లోతు దాకా నల్ల బంకమన్ను, దాని కింద ఇసుక. నీళ్ళు మీటరున్నర దగ్గరే తగిలాయి.

మూడు బోర్లు వేయించాం. బోర్‌లాగ్ (లోతువారీ మట్టి వివరాల పట్టిక) ప్రకారం ఒక బోరులో ఎస్‌పీటీ (హ్యామర్‌తో స్పూన్ అనే గొట్టాన్ని మట్టిలోకి కొట్టే పరీక్ష) ఎన్ విలువలు, అంటే 30 సెం.మీ. దిగడానికి పట్టిన దెబ్బలు, పైనుంచి కిందికి ఇలా ఉన్నాయి: 3 మీటర్ల దగ్గర 1, నాలుగున్నర దగ్గర 0, 6 దగ్గర 0, ఏడున్నర దగ్గర 0, 9 దగ్గర 1, పదిన్నర దగ్గర 2. సున్నాలు ఉన్నచోట "రాడ్లు, హ్యామర్ బరువుకే దిగింది" అని రాశారు. కన్సల్టెంటు రిపోర్టులో ఎన్‌ని 6తో గుణించి కిలోపాస్కల్‌లలో బలం వేశారు. సున్నాల దగ్గర గీత పెట్టి వదిలేశారు. చివర్లో ఫ్లోరుతో సహా అంతా పైల్స్ (నేలలోకి లోతుగా దింపే స్తంభాలు) మీదే కట్టాలన్నారు.

యజమాని రిపోర్టు చూసి ఒకే మాట అడిగారు: "బలం సున్నా అయితే ఎనిమిదేళ్ళుగా ఈ గ్రావెల్ దేని మీద నిలబడి ఉంది బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

6 మీటర్ల దగ్గర స్పూన్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మట్టి నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. మధ్యమధ్య గోరంత గవ్వ ముక్కలు. బొటనవేలు పెడితే కణుపు దాకా సులువుగా దిగిపోయింది. కానీ వేలు తీశాక ఆ గుంట అలాగే ఉంది, పూడిపోలేదు. ముద్ద చేసి అరచేతిలో పెట్టుకుంటే కారిపోలేదు. సున్నా బలం ఉన్న మట్టి అలా ఉంటుందా?

ల్యాబ్ విలువలు: తేమ 72 శాతం, లిక్విడ్ లిమిట్ (మట్టి జారుడుగా మారే తేమ శాతం) 80, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి ముద్దగా ఉండే తేమ పరిధి) 50. ఈ మట్టి అసలు బలం తెలుసుకోవడం ఎలాగో దయచేసి చెప్పండి. టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే పైల్స్ ఖర్చు వింటే ఈ పని ఆగిపోయేలా ఉంది.

పాత బోర్‌లాగ్

తమ్ముడూ, మీ యజమాని అడిగింది చాలా సరైన ప్రశ్న. ఆ ప్రశ్న మీ కన్సల్టెంటుకు రావాల్సింది. నేను 31 ఏళ్ళుగా విశాఖ నుంచి మచిలీపట్నం దాకా ఈ తీరం బంకమన్నులోనే తిరిగాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

ముందు ఒక లెక్క చేద్దాం. మీ మట్టి బలం 15 కిలోపాస్కల్ అనుకోండి. పాత లెక్కలో చదరపు సెంటీమీటరుకు 0.15 కిలోలు. స్ప్లిట్ స్పూన్ బయటి వ్యాసం 5.08 సెం.మీ., అంటే మొన వైశాల్యం 20 చ.సెం.మీ. బంకమన్ను మొన దగ్గర తన బలానికి సుమారు 9 రెట్లు ఎదురు నిలుస్తుంది. 9 × 0.15 × 20, అంటే 27 కిలోలు. ఇక పక్కల రాపిడి. 45 సెం.మీ. పొడవున స్పూన్ చుట్టూ ఉన్న వైశాల్యం 718 చ.సెం.మీ. స్పూన్ దిగేటప్పుడు ఆనుకుని ఉన్న మట్టి నలిగిపోతుంది. నలిగితే మన తీరం మట్టికి బలం మూడో వంతుకు పడిపోవడం మామూలే. అంటే 0.05 చొప్పున 36 కిలోలు. రెండూ కలిపితే 63 కిలోలు.

ఎస్‌పీటీ హ్యామర్ బరువు ఎంత? 63.5 కిలోలు. ఆ బరువు ఒక్కటే చాలు. దానికి మీటరుకు ఐదారు కిలోల చొప్పున రాడ్లు కూడా కలుస్తాయి. 15 కిలోపాస్కల్ బలం ఉన్న మట్టిలో కూడా హ్యామర్ పైన ఆనించగానే స్పూన్ దానంతట అదే దిగిపోవాల్సిందే. దెబ్బ కొట్టే దాకా రాదు.

దెబ్బ కొట్టారే అనుకోండి. 63.5 కిలోలు 75 సెం.మీ. ఎత్తునుంచి పడితే సుమారు 47 కిలోగ్రామ్-మీటర్ల పని. అందులో 60 శాతం స్పూన్‌కు చేరినా 28. ఆ మట్టిలో 30 సెం.మీ. దిగడానికి కావాల్సింది 63 × 0.3, అంటే 19. ఒక్క దెబ్బకే కొలవాల్సిన లోతు దాటిపోతుంది. కాబట్టి మీ లాగ్‌లో 0కీ 1కీ 2కీ మధ్య ఉన్న తేడా మట్టిది కాకపోవచ్చు. తాడు లాగిన మనిషిది కావచ్చు, బోరు అడుగు సరిగ్గా శుభ్రం చేయకపోవడం వల్ల కావచ్చు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఉంగరం పెడితే ముల్లు కదలదు. అంతమాత్రాన ఉంగరానికి బరువు లేదనం కదా.

ఎన్‌ని 5తోనో 6తోనో గుణించే పద్ధతి 1974లో స్ట్రౌడ్ అనే ఇంజనీరు ఇచ్చింది. అది బ్రిటన్‌లోని గట్టి బంకమన్నుల నుంచి, మెత్తటి రాళ్ళ నుంచి వచ్చింది. మన ఊబి మట్టికి దాన్ని వాడటం న్యాయం కాదు. ఎస్‌పీటీ పనికిరాదని నేననను. మెత్తటి పొర ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో, ఇసుక ఎక్కడ తగిలిందో అదే చెప్పింది. అక్కడితో దాని పని అయిపోయింది.

మీకు కావాల్సింది ఫీల్డ్ వేన్ షియర్ పరీక్ష, భారతీయ ప్రమాణం ఐఎస్ 4434 ప్రకారం. నాలుగు రెక్కల వేన్‌ను మట్టిలోకి దింపి నెమ్మదిగా తిప్పుతారు. తెగేటప్పుడు వచ్చిన అత్యధిక టార్క్ (తిప్పడానికి పట్టిన బలం) నుంచి మట్టి బలం లెక్క కడతారు. 65 మి.మీ. వ్యాసం, 130 ఎత్తు ఉన్న వేన్ అయితే లెక్క మరీ సులువు: కిలోగ్రామ్-సెంటీమీటర్లలో వచ్చిన టార్క్‌ను సుమారు వెయ్యితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు కిలోల్లో బలం వచ్చేస్తుంది.

కానీ అక్కడ ఆగిపోవద్దు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. పదిహేనేళ్ళ కిందట ఇలాంటి మట్టి మీదే 3 మీటర్ల ఫిల్లింగ్‌కు నేనే లెక్క చేసిచ్చాను. వేన్ సగటు 14 కిలోపాస్కల్ వచ్చింది. మెత్తటి బంకమన్ను మోయగల బరువు కోసం 5.14తో గుణిస్తే 72. ఫిల్లింగ్ బరువు 54. మోయగలదాన్ని బరువుతో భాగిస్తే భద్రతా గుణకం 1.33, తాత్కాలిక దశకు చాలులే అనుకున్నాను. లారీలు తొమ్మిది రోజుల్లో మొత్తం తోలేశాయి. పదో రోజు తెల్లవారుజామున వాచ్‌మన్ ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి ఫిల్లింగ్ పైన అరచెయ్యి పట్టేంత బీట, కొస నుంచి కొస దాకా. పక్కనున్న రొయ్యల చెరువు అడుగు గేదె వీపులా పైకి లేచింది. ఏరేటర్లు ఒరిగిపోయి ఉన్నాయి. చెరువు రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెల రోజుల్లో పట్టాల్సిన పంట. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

తప్పెక్కడంటే, వేన్‌తో మట్టిని కొద్ది నిమిషాల్లో తెగేలా తిప్పుతాం. నిజంగా కట్ట జారేటప్పుడు మట్టి మీద ఆ ఒత్తిడి రోజుల తరబడి ఉంటుంది. జిగురు ఎక్కువున్న మట్టి తొందరగా లాగితే ఎక్కువ బలం చూపిస్తుంది, నెమ్మదిగా లాగితే తక్కువ. నార్వేకు చెందిన బ్యెరుమ్ అనే ఆయన జారిపోయిన కట్టలను వెనక్కి లెక్క కట్టి, వేన్ బలాన్ని ప్లాస్టిసిటీని బట్టి తగ్గించాలని 1972లో చూపించారు. ఇండెక్స్ 20 అయితే తగ్గించక్కర్లేదు. 50కి సుమారు 0.78, 60కి 0.74. నా మట్టి ఇండెక్స్ 60. 72ని 0.74తో గుణించి చూడండి, 53 వస్తుంది. బరువు 54. ఆ 0.74 నేను చదువుకున్నదే, పనిలో పెట్టలేదు.

బోరింగ్ మేస్త్రి

సార్లూ, నేను రిగ్ మీద మనిషిని. చదువు తక్కువ, కానీ వేన్ చాలాసార్లు దింపాను. సైట్‌లో కూర్చునే ఇంజనీరు గారు గమనించాల్సినవి చెబుతాను.

బోరు అడుగునే వేన్ పెట్టి తిప్పేస్తారు కొందరు. అక్కడి మట్టి అప్పటికే మా నీళ్ళ దెబ్బకు నలిగిపోయి ఉంటుంది. బోరు వ్యాసానికి 5 రెట్లు కిందికి గుచ్చాలి. 150 మి.మీ. బోరు అయితే ముప్పావు మీటరు. గుచ్చేటప్పుడు చేత్తో నొక్కాలి, హ్యామర్‌తో కొట్టకూడదు, తిప్పకూడదు. దింపాక టీ తాగి వద్దామని వెళ్ళకూడదు, ఐదు నిమిషాల్లో మొదలుపెట్టాలి. తిప్పడం సెకనుకు డిగ్రీలో పదో వంతు, అంటే నిమిషానికి 6 డిగ్రీలు. ఇది చాలా నెమ్మది. గడియారంలో సెకన్ల ముల్లు నిమిషానికి 360 డిగ్రీలు తిరుగుతుంది, నిమిషాల ముల్లు 6 డిగ్రీలు కదులుతుంది. మన చెయ్యి నిమిషాల ముల్లులా కదలాలి. ఎండలో నిలబడ్డ కుర్రాడికి అంత ఓపిక ఉండదు, తొందరగా తిప్పేస్తాడు, విలువ ఎక్కువ వచ్చేస్తుంది. పక్కన ఒకరు ఫోన్‌లో సెకన్లు చదువుతూ ఉండాలి.

వేన్ లేని ఉత్త రాడ్డును కూడా ఒకసారి తిప్పి రాడ్ల రాపిడి ఎంతో చూసి తీసెయ్యండి. అత్యధిక విలువ రాసుకున్నాక గబగబా పది చుట్లు తిప్పి మళ్ళీ కొలిస్తే నలిగిన మట్టి బలం తెలుస్తుంది.

ఇంకొకటి. యూడీఎస్ ట్యూబులు, అంటే నలగని మట్టి నమూనా తీసే గొట్టాలు, ఎలా తీసుకెళ్తున్నారో చూడండి. రెండు కొసలా మైనం పోసి, తడి గోనెలో చుట్టి, నిలబెట్టి తీసుకెళ్ళాలి. ఆటో వెనక ఇనుప రేకు మీద దొర్లించుకుంటూ పోతే ఆ మట్టి ల్యాబ్‌కు చేరేసరికి వేరే మట్టి అయిపోతుంది.

మట్టి ల్యాబ్

మేస్త్రి గారు ట్యూబుల మాట చెప్పినందుకు ధన్యవాదాలు. ల్యాబులో మేం ఎంత జాగ్రత్తగా చేసినా దారిలో పాడైనదాన్ని బాగుచేయలేం.

ఉప్పాడరోడ్డు గారూ, మీకు ఖర్చు లేని ఇంకో దారి ఉంది. లిక్విడ్ లిమిట్‌కు వాడే కోన్ పెనెట్రోమీటర్ ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులోనైనా ఉంటుంది. కోను దిగిన లోతుకూ మట్టి బలానికీ నేరుగా సంబంధం ఉంది: లోతు సగమైతే బలం నాలుగు రెట్లు. 30 డిగ్రీల మొన, 80 గ్రాముల బరువు ఉన్న కోను 20 మి.మీ. దిగితే బలం సుమారు 1.7 కిలోపాస్కల్, 10 దిగితే 6.7, 7 దిగితే 14. అన్ని ల్యాబుల్లో కోన్లు ఒకే బరువు ఉండవు కాబట్టి ముందు తూచుకోండి.

ట్యూబు నుంచి తీసిన నమూనా కొసన ఐదారు సెం.మీ. కోసి పారేసి, తీగతో నున్నగా చేసిన ముఖం మీద కోను మొన తాకీ తాకనట్టు పెట్టి వదలాలి. ఒకే ముఖం మీద మూడు చోట్ల చూడండి. ఈ పడే కోను పుట్టిందే ఇలాంటి కష్టంలోంచి. స్వీడన్‌లో రైలు కట్టలు బంకమన్ను మీద జారిపోతుంటే రైల్వే వాళ్ళు 1914లో ఒక కమిషన్ వేశారు. 1922లో రిపోర్టు ఇచ్చే లోపు ఆ కమిషన్ వాళ్ళు తయారుచేసుకున్న పనిముట్లలో ఇదొకటి. మన పిల్లలు దీన్ని లిక్విడ్ లిమిట్ గీత గీయడానికే వాడి పక్కన పెట్టేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

డచ్చి నేల

నేను తణుకు అమ్మాయిని, ఆరేళ్ళుగా నెదర్లాండ్స్‌లో సీపీటీ (కోనును నేలలోకి నొక్కి బలం కొలిచే పరీక్ష) పని చేస్తున్నాను. ఇక్కడ పడమటి వైపు చాలా చోట్ల మెత్తటి మట్టే, ఇల్లు కట్టినా సీపీటీ లేకుండా మొదలుపెట్టరు. 60 డిగ్రీల కోనును సెకనుకు 2 సెం.మీ. చొప్పున ఆపకుండా నొక్కుతూ పోతాం, ప్రతి రెండు సెంటీమీటర్లకూ విలువ వస్తుంది. వేన్‌లో మీటరుకో మీటరున్నరకో ఒక చుక్క వస్తే ఇక్కడ గీతే వస్తుంది. మధ్యలో బెత్తెడు ఇసుక పొర ఉన్నా కనపడుతుంది.

మీ దగ్గరకు సీపీటీ బండి వస్తానంటే రెండు విషయాలు అడగండి. మొదటిది, కోను సామర్థ్యం. మీ మట్టిలో 8 మీటర్ల దగ్గర కోను చూపేది 0.3 మెగాపాస్కల్ (300 కిలోపాస్కల్) దగ్గర ఉంటుంది. 50 మెగాపాస్కల్ కోనులో వెయ్యో వంతు పొరపాటు ఉన్నా అది 50 కిలోపాస్కల్, కోను రీడింగు నుంచి బలం రావడానికి వాడే 14తో దాన్ని భాగిస్తే బలంలో మూడున్నర కిలోపాస్కల్ తేడా. 12 ఉన్న చోట మూడున్నర అంటే చిన్న విషయం కాదు. తక్కువ సామర్థ్యం కోను అడగండి, దింపే ముందు, తీశాక సున్నా రీడింగులు రెండూ రాయించుకోండి. రెండోది, మొన వెనక నీటి ఒత్తిడి కొలిచే కోనే కావాలి. ఆ ఒత్తిడి సవరణ ఇసుకలో పట్టించుకోనక్కర్లేదు, మీ మట్టిలో బలాన్ని పాతిక శాతం దాకా మార్చేస్తుంది.

పైన 14 అన్నానే, అది అన్నిచోట్లా ఒకటే కాదు. 10 నుంచి 18 దాకా ఉంటుంది. ఆ అంకె మీ మట్టికి ఎంతో తేలాలంటే పక్కనే వేన్ చేసి సరిచూసుకోవాలి. అందుకే పాత బోర్‌లాగ్ గారు చెప్పిన వేన్ మానకండి.

ఉప్పాడరోడ్డు

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

సీపీటీ మా బడ్జెట్‌లో కుదరలేదు. వేన్ రెండు చోట్ల చేయించాం. నేనే పక్కన కూర్చుని సెకన్లు చదివాను. మేస్త్రి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మొదటి రీడింగ్‌లో కుర్రాడు తొందరగా తిప్పేశాడు, అది కొట్టేసి అర మీటరు కిందికి దింపి మళ్ళీ చేయించాను. 5 మీటర్ల దగ్గర టార్క్ 123 వచ్చింది, అంటే 12 కిలోపాస్కల్. మొత్తం ఇలా ఉంది: 3 మీటర్ల దగ్గర 11, 5 దగ్గర 12, 7 దగ్గర 13, 9 దగ్గర 15, 11 దగ్గర 20. నలిగాక మూడో వంతు మిగిలింది.

మట్టి ల్యాబ్ గారూ, ఐదున్నర మీటర్ల లోతు ట్యూబు మీద 80 గ్రాముల కోను ఎనిమిదిన్నర మి.మీ. దిగింది, అంటే 9 కిలోపాస్కల్. వేన్ కన్నా తక్కువ. ట్యూబు లారీలో వచ్చింది, కారణం అదేనా?

పాత బోర్‌లాగ్

చాలా మటుకు అదే. ఎంత బాగా తీసినా నమూనా కొంత నలుగుతుంది. 9కీ 12కీ ఉన్న తేడా నన్ను కంగారు పెట్టదు.

మీ అంకెల్లో నాకు ఇంకోటి కనపడింది. స్కెంప్టన్ అనే ఇంజనీరు సూత్రం ప్రకారం ఇండెక్స్ 50 ఉన్న మెత్తటి మట్టికి వేన్ బలం, తన మీదున్న నికర బరువులో 0.295 వంతు ఉండాలి. మీ పాత గ్రావెల్ బరువు 27 కిలోపాస్కల్, బంకమన్నుది నీటిలో మీటరుకు 5 వేసుకున్నాను. ఆ బరువంతా మట్టికి పూర్తిగా పట్టి ఉంటే 5 మీటర్ల దగ్గర 13, 7 దగ్గర 16, 9 దగ్గర 19, 11 దగ్గర 22 రావాలి. మీకు పైనా కిందా దాదాపు సరిపోయింది. మధ్యలో, 7, 9 మీటర్ల దగ్గర, మూడు నాలుగు తక్కువ. పైన గ్రావెల్‌లోకీ కింద ఇసుకలోకీ నీళ్ళు పోయే దారి ఉంది కాబట్టి ఆ కొసల్లో మట్టి గట్టిపడింది. మధ్యలో నీళ్ళకు ఎనిమిదేళ్ళు చాల్లేదు, ఆ మట్టి ఇంకా కుదించుకుంటూనే ఉంది. మీ ఫ్లోరు కుంగడం లెక్కలో ఇది తప్పకుండా కలపండి.

ఇక ఫిల్లింగ్. 12 × 0.78 అంటే 9.4. 5.14తో గుణిస్తే 48. రెండున్నర మీటర్ల బరువు 45. గుణకం 1.07. ఒకేసారి తోలితే జారుతుందనే అనుకోండి. తగ్గించకుండా 12నే పెడితే 1.37 కనపడుతుంది, నేను పడ్డ గుంట అదే. మొదటి దశలో మీటరుంబావు వేస్తే బరువు 22.5, గుణకం 2 పైనే. ఇది మొదటి అంచనా మాత్రమే. అంచుల దగ్గర స్లిప్ సర్కిల్ లెక్క (అంచు గుండ్రంగా జారే ప్రమాదం చూసే లెక్క) చేయించండి. బ్యాండ్ డ్రెయిన్లు (మట్టిలోని నీళ్ళు బయటికి పోయే పట్టీలు) దింపి, మొదటి దశ వేసి, సెటిల్మెంట్ ప్లేట్లు (నేల ఎంత కుంగిందో చూపే పలకలు) పెట్టి చూస్తూ ఆగండి. రెండో దశకు ముందు అదే చోట మళ్ళీ వేన్ దింపండి. అంకె పెరగకపోతే లారీ పిలవద్దు.

మీ స్థలం పక్కన ఏముంది?

ఉప్పాడరోడ్డు

తూర్పు వైపు ఒక చిన్న చెరువు ఉంది సార్, చేపలు వేస్తారు. ఈ ఉదయమే వెళ్ళి ఆ రైతుతో మాట్లాడాను. ఆ వైపు ఫిల్లింగ్ అంచు ఆరు మీటర్లు లోపలికి జరిపాం. చెరువు గట్టు మీద కూడా మూడు మేకులు కొట్టి లెవెల్ తీసిపెట్టాను, వారానికోసారి చూస్తాను.

గోడలకు, స్తంభాలకు పైల్స్ తప్పవు. ఫ్లోరు మాత్రం మీరు చెప్పినట్టు దశలవారీగా నింపి దాని మీదే వేద్దామని కన్సల్టెంటు కూడా ఒప్పుకున్నారు. యజమానికి వేన్ విలువలు చూపించి, గ్రావెల్ దేని మీద నిలబడిందో చెప్పాను. ఆయన అయిదో మీటరు అంకె మీద వేలు పెట్టి, "అంటే ఈ పన్నెండు మీద అన్నమాట" అన్నారు. బ్యాండ్ డ్రెయిన్ల మిషను వచ్చే సోమవారం వస్తోంది.